గాలికి దారి మూసిన ఇళ్లు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ పాత రూపు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అన్న ఇంటి తరగతులే అక్కడ చిరునామాలు. ఇల్లు చిన్నదైనా ముందు కొంత జాగా, వెనుక కాస్త పెరడు ఉండేవి. నేడు అదే స్థలంలో నాలుగైదు అంతస్తులు లేచాయి. చాలావాటికి హాస్టల్ బోర్డులు వేలాడుతున్నాయి. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికి అందుతుంది. దీనినే మనం అభివృద్ధి అంటున్నాము!

ఈ నగరం ఒకసారి బుద్ధి తెచ్చుకున్నదే. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు వచ్చాయి. ఆ వెంటనే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. కిక్కిరిసిన బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడం దాని పని. ఆనాడు తొలగించిన ఇరుకునే ఈనాడు మనం లక్షలు పోసి కొంటున్నాము.

క్షయ గాలి ద్వారా సోకే వ్యాధి. ప్రపంచ క్షయ రోగులలో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. రోగి దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మ తుంపరలు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. అటువంటి గదిలో నలుగురైదుగురు యువకులు తలుపులు బిగించుకొని ఏసీ వేసుకుంటారు. మన ఇళ్లలోని స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు; లోపలి గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

"స్థలం ధర అలా ఉంది, ఏం చేయమంటారు డాక్టరుగారూ?" అని మీరు అడగవచ్చు. అంతస్తులతో నాకు పేచీ లేదు. భవనం చుట్టూ వదలవలసిన ఖాళీని మింగడంతోనే నా పేచీ. 2007లో బీపీఎస్, 2015లో బీఆర్‌ఎస్ పథకాలు వచ్చాయి. రుసుము కడితే అతిక్రమణను సక్రమం చేస్తామన్నాయి. ఆ గదులలోకి మాత్రం గాలి రాలేదు.

బిల్డర్లనే నిందించి ఊరుకోలేను. ఉన్న ఒక్క బాల్కనీకి అద్దాలు బిగించి గదిగా మార్చుకున్నది మనమే. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి అవసరమైన కిరణాలను ఆ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

ఫ్లాటు చూడబోయినా, పిల్లల హాస్టల్ చూడబోయినా మిట్టమధ్యాహ్నం వెళ్లండి. లైట్లన్నీ ఆర్పించండి. ప్రతి కిటికీ మీ చేతితో తెరవండి. బాత్రూము కిటికీ ఆకాశంలోకి తెరుచుకుంటోందో, మూసిన డక్టులోకి తెరుచుకుంటోందో తొంగిచూడండి. ధర మాట ఆ తరువాత ఎత్తండి.