ఆటకు జీతం కావాలి: ఝపటాపూర్ నెట్‌బాల్ ప్రణాళిక

బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళ మనవరాళ్ళం, మునిమనవరాళ్ళం మేము. ఆడుతున్నవాళ్ళమూ ఉన్నాం, ఆడపిల్లల తల్లులమూ ఉన్నాం. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. నెట్‌బాల్ ఆడే అమ్మాయికి ఆ ఆటే బతుకుతెరువు కావాలి. మా కోరిక అదొక్కటే.

ఆటతో కొలువు దొరుకుతుందని ఖరగ్‌పూర్‌కు తెలుసు. క్రికెటర్ ధోనీ 2001 నుంచి 2003 దాకా ఇక్కడే రైల్వే ఉద్యోగిగా టికెట్లు చూశాడు. స్పోర్ట్స్ కోటా అన్న మాట మా ఇళ్ళలో పసిపిల్లలకూ వచ్చు. అయినా కూతురు నెట్‌బాల్ ఆడతానంటే "దాంతో ఏటొస్తాదే?" అంటారు. అడిగినవాళ్ళను తప్పుపట్టం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ప్రాచీ తెహ్లాన్ నాయకత్వాన మన నెట్‌బాల్ జట్టు ఆడింది. ఆమె తర్వాత నటన వైపు వెళ్ళింది. ఆమె ఇష్టం ఆమెది. ఆటలోనే ఉండిపోదామనుకునే పిల్లకూ ఒక దారి ఉండాలి కదా!

ఈ ఆటలో బంతి అందాక మూడు సెకన్లలో వదిలెయ్యాలి. పట్టుకుని పరుగెత్తకూడదు. గాల్లోకి ఎగిరి అందుకున్న పిల్ల దిగినచోటే ఆగాలి. అలా ఆగినప్పుడు భారమంతా మోకాలి మీద పడుతుంది. లిగమెంట్ తెగిందంటే నెలల తరబడి ఆటకు దూరమే. అందుకే జీతంతో పాటు గాయానికి భరోసా అడుగుతున్నాం. ఆస్ట్రేలియాలో 2017లో సూపర్ నెట్‌బాల్ మొదలయ్యే ముందే క్రీడాకారిణుల సంఘం బేరమాడి, గాయమైనా గర్భమొచ్చినా రెండేళ్ళ దాకా ఆదాయానికి రక్షణ రాయించుకుంది. అలా అడగడం మాకూ కొత్త కాదు. వి.వి. గిరి కార్మికుల పక్షాన నిలిచిన రైల్వే ఇది, 1927 సమ్మె చూసిన వర్క్‌షాప్ ఇది. మా తాతలు కూలి కోసం అడిగినట్టే మేము ఆట కోసం అడుగుతాం.

మేము అడిగేవి ఇవి. రైల్వే నియామకాల్లో ఏటేటా మహిళా నెట్‌బాల్‌కు చోటుండాలి. ప్రాక్టీసు వేళను డ్యూటీగా లెక్కగట్టాలి. గాయపడితే వైద్యం, పూర్తి జీతం ఇవ్వాలి. ప్రసవం తర్వాత జట్టులోకి తిరిగొచ్చే హక్కు ఉండాలి. ఆట మానాక కోచ్‌గానో అంపైర్‌గానో శిక్షణ ఇప్పించాలి.

ఝపటాపూర్‌లో 30.5 మీటర్ల పొడవు, 15.25 మీటర్ల వెడల్పున్న కోర్టు, 3.05 మీటర్ల ఎత్తున రెండు రింగులు, వాటితో పాటు దీపాలు కావాలి. దీపాల దగ్గర మేము రాజీపడం. పొద్దుగూకాక మగపిల్లలు వీధిలైటు కింద కూడా ఆడుకుంటారు. ఆడపిల్లలను ఇంటికి పిలిచేస్తారు.

అడగడంతో ఆగిపోము. ఎంపికల కబుర్లు తెలుగు, బెంగాలీ, హిందీల్లో రాసి వీధి వీధినా అంటిస్తాం. బయటి ఊరికి ఎంపికకు వెళ్ళే పిల్ల వెంట మాలో ఒక పెద్దావిడ వెళ్తుంది. ఖర్చు చందాల్లోంచి పెడతాం. బెంగాలీ, ఒడియా ఇళ్ళ పిల్లలకూ ఇదే మాట వర్తిస్తుంది. పన్నెండేళ్ళు దాటిన ఏ అమ్మాయైనా రావచ్చు. బూట్లు లేవని ఆగిపోవద్దు, అవి మేం కొంటాం.