సముద్రానికి నీలం రంగే వేయాలా?



ఆ మధ్య నాలుగో తరగతి పిల్లల్ని సముద్రం బొమ్మ వేయమన్నాను. అందరూ నీలం క్రేయాన్ తీశారు. ఒక్క బాబు మాత్రం మట్టి రంగు వేశాడు. "సముద్రం బ్లూ కదా నాన్నా" అని దిద్దించాను. "సూర్యలంకలో ఇలాగే ఉంది టీచర్" అన్నాడు. వాడు చూసింది వేశాడు, నేను పుస్తకంలో ఉన్నది వేయించాను. తప్పు నాదే.

ఎండలోని రంగుల్లో ఎరుపును నీరు ఎక్కువగా పీల్చుకుంటుంది. నీలం లోతుకు వెళ్లి, నీటి అణువులకు తగిలి చెదిరి మన కంటికి చేరుతుంది. అందుకే తేటగా, లోతుగా ఉన్న సముద్రం నీలంగా కనిపిస్తుంది. గ్లాసులో ఆ లోతు లేదు కాబట్టి రంగూ కనిపించదు. లక్షద్వీప్‌లో తెల్లని పగడపు ఇసుక మీద లోతు తక్కువ తేట నీరు ఉంటుంది, అది పచ్చనీలం. మన బాపట్ల, చీరాల తీరంలో కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు, అలలు రేపిన ఇసుక కలిసి మట్టి రంగు వస్తుంది. వానకు నల్లరేగడి చేలల్లోంచి పారే నీటిని చూసిన మన పిల్లలకు ఇది చెబితే ఇట్టే అర్థమవుతుంది.

నీటిలో కంటికి ఆనని సన్నని మొక్కలు పెరిగితే సముద్రం ఆకుపచ్చగా మారుతుంది. ఉపగ్రహాలు పట్టే ఆ పచ్చదనాన్ని, నీటి వేడిని చూసే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెబుతుంది.

సముద్రం నీలానికి ఆకాశం ప్రతిబింబమే కారణమని ఒకప్పుడు లార్డ్ రేలీ అంతటి శాస్త్రవేత్త చెప్పారు. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడ ప్రయాణంలో చిన్న నికోల్ పట్టకంతో నీటి మీది ప్రతిబింబాన్ని తగ్గించి చూశారు. నీలం పోలేదు. ఆ సందేహంతో మొదలైన పరిశోధనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌కు, 1930లో నోబెల్‌కు దారి తీసింది.

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు "ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?" అని అడుగుతారు. నిజం చెప్పాలంటే మేమూ అదే లెక్కన పాఠం చెబుతున్నాం. మార్కులు వద్దని నేను అనను, ఫీజు కట్టే మీ కష్టం నాకు తెలుసు. కానీ కళ్లతో చూసినదాన్ని కీ ఆన్సర్ కోసం చెరిపేసుకోవడం పిల్లలకు అలవాటు చేస్తే, రేపు ఏ ర్యాంకూ ఆ చూపును తిరిగి ఇవ్వదు.

ఈసారి సూర్యలంకకో, వాడరేవుకో, కొత్తపట్నానికో వెళ్లినప్పుడు ఒక గాజు సీసాలో సముద్రపు నీరు పట్టి తీసుకురండి. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున ఏం చేరిందో పిల్లలే చెబుతారు. ఒడ్డున నిలబడి, పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి నీటిని చూడమనండి. వెంటనే ఫోన్‌లో జవాబు వెతకకండి. "నీకేమనిపిస్తోంది?" అని అడగండి.

ఆ బాబు చేత బొమ్మ మళ్లీ వేయించాను. ఇప్పుడది మా క్లాసు బోర్డు మీద ఉంది, మట్టి రంగుతోనే.