మనోళ్ళేరే?

పోయిన డిసెంబరులో ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా వరస క్వార్టర్లవాళ్లం నాలుగు కుటుంబాలు కలిసి దిఘా వెళ్లాం. సాయంత్రం అయ్యేసరికి ఒడ్డున ఎవరి చేతిలో చూసినా ఫోనే. అందరూ పడమటికి తిరిగి నిలబడ్డారు. నేనూ అంతే. మా నాన్నగారి ఫోన్‌లో సూర్యుణ్ణి 41 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూపిస్తే నాయనమ్మ ఓపిగ్గా అన్నీ చూసి, "సూర్యుడు బాగున్నాడు గానీ, మనోళ్ళేరే?" అంది.

మనవాళ్లు రెండు ఫోటోల్లో ఉన్నారు, నల్లటి నీడల్లా. అమ్మ ఎవరో, పక్కింటి ఆంటీ ఎవరో పోల్చుకోలేం. ఎదురుగా సూర్యుడు ఉంటే కెమెరా ఆ వెలుగుకే సర్దుకుంటుంది, ముందున్న మనుషులు చీకటైపోతారు.

ఆ నాలుగు కుటుంబాల్లో ఒకటి ఏప్రిల్‌లో చక్రధర్‌పూర్ బదిలీ అయింది. అలల్లో చెప్పు పోగొట్టుకుని ఒంటి చెప్పుతో కుంటుతూ మమ్మల్ని నవ్వించిన నా స్నేహితురాలు వాళ్లమ్మాయే. ఆ నవ్వు నా 41 ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ లేదు. సూర్యుణ్ణి ఏ ఊళ్లోనైనా మళ్లీ తీసుకోవచ్చు. మనకి ఇరుగుపొరుగు మాత్రం కొన్నేళ్లకోసారి మారిపోతారు. రైల్వే పిల్లలకే కాదు, కలైకుండ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ నుంచి మన బడికి వచ్చేవాళ్లకీ ఇదే సంగతి.

అందుకే సముద్రం దగ్గర సాయంత్రం పూట సూర్యుడికి వీపు పెట్టి ఫోటో తీయాలని నా అభిప్రాయం. పొద్దు వాలేటప్పుడు ఎండ ఎక్కువ గాలిని దాటుకుని వస్తుంది. నీలం రంగు దారిలోనే చెదిరిపోయి, పసుపు, ఎరుపు మన దాకా వస్తాయి. సైన్సు పాఠంలో చదివిందే. ఆ బంగారు రంగు ఆకాశం మీదే కాదు, ఝాల్‌మురి పొట్లం పట్టుకున్న అమ్మ ముఖం మీదా పడుతుంది. మనం అటు తిరిగి చూడం, అంతే.

విశాఖపట్నంలో ఈ చిక్కు లేదు. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేచి, సాయంత్రం ఊరి వెనక్కి దిగుతాడు. ఆర్కే బీచ్‌లో సముద్రం వెనకాల వచ్చేలా మనుషుల్ని తీస్తే, వాలే ఎండ వాళ్ల ముఖాల మీదే పడుతుంది. సెలవులకి వెళ్లినప్పుడు తీసిన మా ఫోటోలు అందుకే బాగుంటాయేమో.

మా అన్నయ్య ఒప్పుకోడు. ఏ రోజు మబ్బులు ఆ రోజువే, రెండు సాయంత్రాలు ఒకేలా ఉండవంటాడు. నిజమే, ఒకటో రెండో తీసుకోవాల్సిందే. నలభై ఎందుకు? ఇంకో మాట: మనుషుల్ని తీయమన్నానని స్నానాలు చేస్తున్న పరాయివాళ్లను తీయకూడదు. తడి బట్టల్లో ఉన్న మనల్ని అడక్కుండా ఎవరైనా తీస్తే ఊరుకుంటామా?

ఈ చలికాలం మళ్లీ వెళ్దామంటున్నారు. నాయనమ్మా వస్తానంది. ఆవిడకి అలలంటే భయం, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పొడి ఇసుకలోనే నిలబడుతుంది. నాకు ఆ ఫోటో కావాలి.