ఒకటి ప్రధాన సంఖ్యేనా?

ఒకటితోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య అని వల్లె వేస్తాం. ఈ నిర్వచనంలో 1 చక్కగా ఇముడుతుంది కదా! అయినా పరీక్షలో 1ని ప్రధాన సంఖ్య అని రాస్తే మార్కు పోతుంది. ఇది అన్యాయమని మీకు తోస్తే వింతలేదు. 1742లో ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో గోల్డ్‌బాక్ 1ని ప్రధాన సంఖ్యగానే లెక్కించాడు. 1914లో అమెరికా గణితజ్ఞుడు లెహ్మర్ ప్రకటించిన, కోటి పైచిలుకు దాకా సాగే ప్రధాన సంఖ్యల పట్టిక కూడా 1తోనే మొదలవుతుంది.

అయినా నా ఓటు 1ని బయట ఉంచడానికే. 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయండి: 2 × 2 × 3. వరుస మార్చవచ్చునేగాని మరో విధంగా రాయలేరు. ఏ సంఖ్యను తీసుకున్నా ఇంతే. 1ని కూడా చేర్చుకున్నామా, 1 × 2 × 2 × 3, 1 × 1 × 2 × 2 × 3... ఇక అంతులేదు! ఇంత చక్కని సిద్ధాంతానికి 'ఒకటిని మినహాయించి' అని తోక తగిలించాల్సి వస్తుంది. ఎరటోస్తనీస్ జల్లెడ సంగతి మరీ విడ్డూరం: 2 గుణిజాలను కొట్టివేసినట్లే 1 గుణిజాలనూ కొట్టివేస్తే, చివరకు 1 ఒక్కటే మిగులుతుంది.

నా తగాదా అంతా ఆ నిర్వచనంతోనే. సరిగ్గా రెండు కారణాంకాలు గలది ప్రధాన సంఖ్య అంటే, 1కి ఉన్నది ఒక్కటే గనుక పేచీ ఉండదు. ఆ 'రెండు' ఎందుకో తెలిసేలా పాఠంలో 12 లెక్క కూడా పక్కనే ఉండాలి.