‘ఇతరములు’ అనే గడి

కొన్నేళ్ల కిందట మెదక్ పల్లెల్లో జరిగిన ఒక ఆరోగ్య సర్వేకి ప్రశ్నావళిని తెలుగు చేసే పని నాకు వచ్చింది. సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదాన్ని, భాష చూసుకుంటే చాలనుకున్నాను. ‘గర్భసంచి ఎందుకు తీయించుకున్నారు?’ అన్న ప్రశ్న కింద ఐదు గడులు. ఆఖరిది ‘ఇతరములు’.

ముప్పై రెండేళ్ల ఒకామె తెల్లబట్ట అవుతోందని ఆసుపత్రికి పోతే స్కానింగ్ తీశారట. “పిల్లలయిపోయిన్రు గదా, ఇంక ఆ సంచితోని ఏం పని, ఉంచుకుంటె క్యాన్సరైతది అన్నడు డాక్టరు” అంది. ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మి ఆపరేషన్ చేయించుకుంది. “అప్పటిసంది నడుము వంగుతలేదు, కూలికి పోలేకపోతున్న.” ఇదంతా ఏ గడిలో రాయాలి? ‘ఇతరములు’లో టిక్కు పెట్టమన్నాడు మా పర్యవేక్షకుడు. నివేదిక పట్టుకుని వెళ్తే అధికారి, “ఒక్క పేజీలో చెప్పండి మేడమ్” అన్నాడు.

పరిశోధనకీ ప్రభుత్వ విధానానికీ మధ్య వారధి కట్టాలని సదస్సుల్లో తరచూ వింటుంటాం. ఆ వారధి ఏ ఇద్దరి మధ్య? ప్రొఫెసరు గదికీ కార్యదర్శి గదికీ మధ్యనేనా? ఎవరి ఒంటి మీద ఆ నిర్ణయం అమలవుతుందో ఆ మనిషి ఎక్కడ నిలబడాలి?

పరిశోధన లేక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మెదక్ పల్లెల్లో పనిచేసిన డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి అవసరం లేకుండానే చిన్న వయసులో గర్భసంచులు తీసేస్తున్న వైనాన్ని బయటపెట్టారు. చివరికి ప్రభుత్వం కదిలి, ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేసింది. పరిశోధన విధానంగా మారింది కదా, ఇంకేం కావాలి అంటారా? పథకం డబ్బు ప్రైవేటు ఆసుపత్రికి పోవడం ఆగింది, అంతే. తెల్లబట్టకి మందిచ్చే డాక్టరమ్మ నేను తిరిగిన ఊళ్లకి రాలేదు. క్యాన్సర్ లేదని తేల్చి చెప్పే పరీక్షా రాలేదు. పథకం లేకపోతే అప్పు ఉంది, పుస్తెలున్నాయి, ఎకరం పొలముంది!

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పాత ఆపరేషన్లూ ఈ లెక్కలో కలిసే ఉన్నాయి, నిజమే. కానీ దేశం మొత్తం మీద మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ స్త్రీల గురించి 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు తీర్పు 2023లో వచ్చింది. కేంద్రం 2022లో తయారు చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. పదేళ్లు పట్టింది. ఈ పదేళ్లలో ఎందరు స్కానింగ్ గదిలో తలూపి ఉంటారు?

అసలు నిర్ణయం జరిగేది ఆ గదిలోనే. చేతిలో ఫిల్ము, మనసులో క్యాన్సర్ భయం, పక్కన తొందరపడే భర్త, ఎదురుగా వేలిముద్ర వేయాల్సిన కాగితం. ఆ క్షణాన ఆమెకి అక్కరకు రాని పరిశోధన సచివాలయంలో ఎంత గౌరవం పొందితే ఏం లాభం? అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ముందుగానే గుల్లబారతాయని ఆమెకి ముందు చెప్పిందెవరు?

ఆడవాళ్లకి వాళ్ల భాషలో చెప్పడం అసాధ్యమేం కాదు. హైదరాబాద్ స్త్రీ ఉద్యమం నుంచే ‘సవాలక్ష సందేహాలు’ వచ్చింది. మనం ఆ దారిని వదిలేశాం. శరీర రాజకీయాల మీద పత్రాలు సమర్పిస్తాం. సమ్మతి పత్రాన్ని చదివితే అర్థమయ్యే తెలుగులో రాయమంటే అది మన పని కాదంటాం. ఎవరి పని మరి?

సర్వే చేసిన ఊళ్లోనే దాని ఫలితాలు చదివి వినిపించాలి. ఆపరేషన్‌కి ముందు ఇంకేం వైద్యం ఉందో సమ్మతి పత్రంలో రాయాలి. మార్గదర్శకాలు చెప్పిన జిల్లా పర్యవేక్షణ కమిటీల్లో ఈ ఆపరేషన్ అయిన స్త్రీలు కూర్చోవాలి. ఏ ఆసుపత్రిలో ఏ వయసు వాళ్లకి ఎన్ని జరిగాయో గోడ మీద రాసి పెట్టాలి. ఇవి అడగడానికి ఇంకో అధ్యయనం అక్కర్లేదు.

ఆరోజు నేను లేస్తుంటే ఆమె, “అక్కా, అంత రాసుకపోతున్నవ్ గదా, ఏం తేలిందో మల్లొచ్చి చెప్తవా?” అని అడిగింది. వస్తానన్నాను. ఆ నివేదిక మూడు ఆఫీసులకి వెళ్లింది. నేను ఆ ఊరికి వెళ్లలేదు.