ఇసుక ఖనిజానికి కొత్త దారి.. ముద్రణ రెజిన్

శ్రీకాకుళం: తీర ఇసుకలోని ఇల్మనైట్ అనగానే రంగుల పరిశ్రమే గుర్తుకు వస్తుంది. దాని నుంచి లభించే టైటానియం డయాక్సైడ్ వంటి సిరామిక్ పొడులకు ఇప్పుడు త్రీడీ ముద్రణలోనూ ప్రాధాన్యం పెరుగుతోంది.

యాంటెన్నాలను ముద్రించే సాధారణ రెజిన్ అధిక పౌనఃపున్య సంకేతాలను పీల్చుకుని వేడిగా మారుస్తుంది. దాని నష్ట గుణకం సుమారు 0.02. అమెరికాకు చెందిన రోజర్స్ సంస్థ 2022లో తెచ్చిన సిరామిక్ మిశ్రమ రెజిన్ 'రాడిక్స్'లో ఇది 10 గిగాహెర్ట్జ్ వద్ద 0.0043 మాత్రమే.

అయితే పొడి పెరిగేకొద్దీ రెజిన్ చిక్కబడుతుంది. రేణువులు అడుగుకు చేరతాయి. అతినీలలోహిత కాంతి చెదిరిపోయి పొరలు సరిగా గట్టిపడవు. పొడి తగ్గితే ప్రయోజనం నెరవేరదు.

ఈ సమతౌల్యాన్ని సాధించిన వారికే లాభం. ఇసుకను తరలించడంతో సరిపెట్టుకుంటే జిల్లాకు మిగిలేది గోతులే. శుద్ధి, పొడి తయారీ, పరిశోధన ఇక్కడే సాగితేనే స్థానిక యువతకు ఉపాధి దక్కుతుంది.