కొట్టిన పిల్లల మాటేమిటి?

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో జరిగిన సంఘటన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒక గ్రామంలోని ప్రైవేటు పాఠశాలలో, ఎక్కాలు రాలేదని ఏడేళ్ల ముస్లిం బాలుణ్ణి నిలబెట్టి, ఉపాధ్యాయురాలు తోటి పిల్లలచేత చెంపదెబ్బలు కొట్టించింది. ముస్లిం పిల్లల గురించి ఆమె అన్న మాటలూ ఆ వీడియోలో వినిపించాయి. తనకు మతద్వేషం లేదని ఆమె తర్వాత చెప్పుకున్నది.

దేశమంతా దెబ్బలు తిన్న బిడ్డ కోసం బాధపడింది. అది సహజం. అయితే కొట్టిన పిల్లల మాటేమిటి? ఆ వయసు పిల్లలకు పగ ఎక్కడిది? టీచరు కొట్టమన్నది, కొట్టారు. పక్కవాడి ఏడుపును లెక్కచేయనక్కరలేదన్న పాఠం ఆ రోజు వారికి అందింది.

సుప్రీంకోర్టు ఈ సంగతిని గుర్తించింది. బాధిత బాలునితోపాటు కొట్టిన పిల్లలకూ నిపుణులచేత కౌన్సెలింగ్ ఇప్పించాలని 2023 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అయినా 2024 ఫిబ్రవరి నాటికి కూడా తక్కిన పిల్లలకు ఆ సాయం అందలేదని న్యాయస్థానమే ఆక్షేపించవలసి వచ్చింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం బెత్తాన్ని ఆపగలదు. తోటివాడి బాధకు కరిగే మనసును మాత్రం ఇవ్వలేదు. తాలీమ్‌తోపాటు తర్బియత్ కావాలని మన పెద్దలు అన్నది ఇందుకే.

ఈ సందర్భంలో మన వైపు కూడా చూసుకోవాలి. జవాబు చెప్పినవాడిచేత చెప్పలేనివాడి ముక్కు పట్టించి చెంప వాయించడం మన తెలుగు బడుల్లో పాత అలవాటే. మేము చదివిన మదర్సాలోనూ సబఖ్ అప్పజెప్పలేనివాడికి అందరి ముందు అవమానం తప్పేది కాదు. ఉస్తాదులమైన కొత్తలో మేమూ అదే చేశాము. చదువు వచ్చినవాడికి గర్వం పెరిగింది, రానివాడు బడికి రావడం తగ్గించాడు. తప్పు మాదేనని తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది.

మరి మరో దారి లేదా? ఉంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే తరగతుల్లో చేర్చినప్పుడు ఘర్షణలు రేగాయి. ఇలియట్ అరోన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన శిష్యులు అక్కడ నీతిబోధకు దిగలేదు. అయిదారుగురు పిల్లలను ఒక జట్టు చేసి, పాఠాన్ని భాగాలుగా పంచారు. ఎవరి భాగం వారు నేర్చుకుని మిగతావారికి చెప్పాలి. వెనకబడినవాణ్ణి ఎగతాళి చేస్తే అతని దగ్గరున్న భాగం ఎవరికీ అందదు. అందువల్ల ఓపికగా వినడం, అతనికి మాట అందించడం పిల్లలకు అలవాటయింది.

ఇందుకు నిధులు అక్కరలేదు. మన మక్తబ్‌లో, వీధి చివరి బడిలో రేపే మొదలుపెట్టవచ్చు. తల్లిదండ్రులు కూడా సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే మార్కులు అడిగేముందు, "ఈ రోజు ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారా? నువ్వు వెళ్లి పలకరించావా?" అని అడగాలి. ఆ ఒంటరి పిల్లవాడు ఏ మతం వాడైనా సరే.

పీడితునికే కాదు, పీడకునికీ సాయం చేయమని దైవప్రవక్త (స) బోధించారు. పీడకునికి సాయం ఎలాగని అనుచరులు అడిగితే, దౌర్జన్యం చేయకుండా అతని చేయి పట్టి ఆపడమేనని వివరించారు. ఆ రోజు ఆ పసిచేతులను పట్టి ఆపవలసిన పెద్దే వాటిని పైకి లేపించింది. మన తరగతుల్లో పిల్లల చేతులు దేనికి లేస్తున్నాయో ఉస్తాదులమైన మేము, తల్లిదండ్రులైన మీరు కలిసి చూసుకోవాలి.